పిడికెడు మంది పేనిన మోకు

మిన్నూరు రాజ్యానికి దారి చెప్పమంటే తల పైకెత్తి చూడమనాలి. అంతకన్నా దారి లేదు. ఒకప్పుడు అది కూడా అన్ని రాజ్యాల్లాగే నేల మీదే ఉండేది. పేరు కూడా అప్పట్లో మన్నూరే. ధూమకర్ణుడనే మాంత్రికుడు, రెండు చెవుల్లోంచీ కుంపటిలా పొగ వదిలే ప్రబుద్ధుడు, ఆ రాజుగారి కూతుర్ని పెళ్ళాడతానని వచ్చాడు. పిల్ల వాడిని పైనుంచి కిందిదాకా చూసి, "వంటింట్లో పొగ చాలదా, పడకింట్లో కూడా ఎందుకు?" అన్నది. సభంతా నవ్వింది. నవ్వకుండా ఉంటే ఈ కథే లేదు.

మాంత్రికుడు భగ్గుమన్నాడు. రాజ్యం కింద మంత్రదండం గుచ్చి, పుట్టగొడుగును మట్టితో సహా పెళ్ళగించినట్టు, కోటనీ పేటనీ చేలనీ ఆవులనీ దూడలనీ ఒకే బండ మీద ఆకాశంలోకి లేపేశాడు. ఆ క్షణాన ఉట్టి మీదికి ఎగిరిన పిల్లి ఒకటి ఇంకా ఎగురుతూనే ఉందని అంటారు. పిల్లిని చూసినవాళ్ళు లేరు గానీ ఉట్టిని చూసినవాళ్ళు ఉన్నారు. నమ్మనివాళ్ళు మానెయ్యవచ్చు.

శాపానికి విరుగుడు ఒక్కటే. పైనుంచి వేలాడదీసిన మోకు కొస నేలను తాకిన నాడు బండ తనంతట తనే మెల్లగా కిందికి దిగుతుంది. అందుకని మిన్నూరు జనం ఏడుస్తూ కూర్చోలేదు. గోగునార తీశారు. బండ అంచున ఏనుగు దంతంలా పొడుచుకొచ్చిన శిల ఉంది. మొదటి తరం దానికి ముడి వేసి తమ మోకు వేలాడదీసింది. దాని కొసకు రెండో తరం తమ మోకు అతికించింది. దాని కొసకు మూడో తరం. మంత్రపు కట్టడి ఏమిటంటే, మనిషి జన్మకు ఒక్క పేటే పేనగలడు. రెండోది పేనితే అది తెల్లారేసరికి బూడిద. జనం ఎక్కువున్న తరానికి లావు మోకు, తక్కువున్న తరానికి సన్న మోకు.

ఇంకో వింత ఉంది. పేనినవాడి గొంతు ఆ పేటలో ఉండిపోతుంది. గాలి కదిలితే పేట పలుకుతుంది. అందుకని మిన్నూరు అంచున నిలబడితే, ఎప్పుడో పోయిన ముత్తాతలు కూడా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటారు.

ఇంత తెలివైన జనానికి ఒక్క పిచ్చి ఉండేది. ఏ తరం గొప్పదో పొడుగుతో కొలిచేవాళ్ళు. ప్రతి తరం తన మోకు కొసన ఒక రంగు గుడ్డ కట్టేది. గుడ్డ నుంచి గుడ్డకి ఎంత దూరముంటే అంత పేరు. పసుపు గుడ్డ వరకు ఉన్నది తాతల తరం. అన్నిటికన్నా పొడుగు, ఏనుగు తొండమంత లావు. వాళ్ళ మీద పాటలే పాటలు. అందరికన్నా పైనున్న మొదటి తరం మోకు మాత్రం మరీ కురచ. దాన్ని "పొట్టి తరం" అని వెక్కిరించడం, దిగేటప్పుడు దాని మీద కాలు ఆనించకుండా జారిపోవడం మిన్నూరు కుర్రాళ్ళకు సరదా.

ఇప్పుడు వంతు వచ్చిన తరం మహా పలచటిది. వాళ్ళు ఉయ్యాలల్లో ఉండగా ఊరి మీద ఒక పొగమంచు దిగింది, దాని వెంట ఉయ్యాల జ్వరం వచ్చింది. అది పోయేనాటికి మిగిలినవాళ్ళు ఒక్క పందిట్లో కూర్చుంటే ఇంకా చాపలు మిగిలేంత మంది. వాళ్ళలో ఒకడు యువరాజు మణికేతుడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, అంతకు రెండింతల రోషం.

మోకు దింపే రోజు వచ్చింది. బండ అంచు అరటి బోదెలతో, మామిడాకులతో, ముగ్గులతో పెళ్ళివారి వాకిలిలా ఉంది. కొమ్ములు ఊదుతున్నారు. రాజుగారికి చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన చెంగమ్మవ్వ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చి యువరాజు భుజాన ఉన్న మోకు చుట్టను రెండు వేళ్ళతో పట్టుకు చూసింది.

"ఏరా మనవడా, ఇది మోకా, మొలతాడా?"

జనం కిసుక్కున నవ్వారు. మణికేతుడి చెవులు ఎర్రబడ్డాయి. "సన్నమే అవ్వా. మరి మేం ఎంతమందిమి! కానీ పొడుగు చూడు. మీ తరం కన్నా పొడుగు."

"మా తరం సంగతి నీకేం తెలుసురా! మేం ఇసుక వేస్తే రాలనంత జనం. మా మరిది నారకు బద్ధకించి ఇంటి కప్పు మీది గడ్డి పేనాడు. సోమిగాడు మేకతోక వెంట్రుకలు కలిపాడు. ఏమైంది? ఏమీ కాలేదు. ఒకడు కునికితే పక్కన వందమంది మోశారు. నా పేట అందులో ఎక్కడుందో నాకే తెలీదు, ఉన్నా లేకపోయినా ఒకటే. మీకు ఆ సుఖం లేదు నాయనా. మీలో ఒక్కడు కునికితే అక్కడ చిల్లే."

"అంటే మేం తక్కువ మందిమని ఎగతాళా?"

"ఓరి పిచ్చివాడా, దిష్టి తగిలేంత గొప్ప చెబుతున్నాను! మా పేట ఒక్కటి తీసేసినా లోకం కదలదు. మీ పేట ఒక్కటి తీస్తే మీ తర్వాత పుట్టేవాళ్ళందరూ కిందపడతారు. అంత బరువు ఎవడి నెత్తిన పెట్టాడు దేవుడు? మీ నెత్తినే!"

ఈ మాట యువరాజు మనసులో దిగేలోపలే ఆస్థానపు పొగడ్తలవాడు మధురకంఠుడు ముందుకు దూకాడు. చెవులు మూసుకుపోయేంత పెద్ద తలపాగా, తేనె కారే గొంతు. అతను కొలువులో చేరి ఏడాది కాలేదు. దారే లేని రాజ్యానికి కొత్తవాడు ఎలా వచ్చాడని ఇంతవరకూ ఒక్కరికీ తట్టలేదు. పొగడ్త అలాంటిది. వినేటప్పుడు మిగతావన్నీ అడగబుద్ధి కాదు.

"జయము జయము! సింహాలు మందలుగా పుడతాయా ప్రభూ? పిడికెడు మందే తాతల్ని మించి ఒక బారెడు పొడుగు దింపితే, పసుపు గుడ్డ పాటలన్నీ నేటితో మూగబోవా!"

మణికేతుడు కత్తి దూసి ఎత్తాడు. "వినండి! తాతల మోకు కన్నా పొడుగు మోకు దింపకుండా ఈ మిన్నూరు గడప తొక్కను!"

కొమ్ములు మోగాయి. చెంగమ్మవ్వ మాత్రం "గడప తొక్కకపోతే గోడ దూకు, ఎలాగైనా ఇంటికి రా," అని గొణుక్కుంటూ పక్కకి తప్పుకుంది.

అతని వెంట దిగేది పైడి ఒక్కతే. ఆమె బండ అంచు చరియల్లో వేలాడి తేనెపట్టు తీసే పిల్ల. చేతులు ఉడుంపట్టు, నోరు కందిరీగ. తరంలో మిగతావాళ్ళు కూడా వస్తే ఊళ్ళో దున్నేవాళ్ళు, పాలు పితికేవాళ్ళు లేరు మరి. తక్కువ మందికి ఉన్న చిక్కు అదే, పండగ రోజున కూడా పని తప్పదు.

"పదండి చినదొరా," అంది పైడి నడుముకు తేనెగూడు ముక్క కట్టుకుంటూ. "ప్రతిజ్ఞలు గాలికి ఆరిపోతాయి, మనం దిగాలి."

ఇద్దరూ జారారు.

పొట్టి తరం మీద మణికేతుడు అలవాటు ప్రకారం కాలు ఆనించకుండా సర్రున దాటిపోయాడు. ఆ కిందివన్నీ ఒక్కొక్క లోకం. ఒక తరం మోకు పాడుతుంది, ఒకటి తుమ్ముతుంది, ఒకటి వాన కోసం మొక్కుకుంటుంది. తాతల తరం వచ్చేసరికి సంత మధ్యలో పడ్డట్టయింది. వేలాది గొంతులు ఒక్కసారిగా. "జరగవే!" "నా కోడి ఏదిరా!" "పెళ్ళికి పిలవలేదేం?" ఎవరి మాట ఎవరిదో తెలియదు. ఆ మోకు మీద కూర్చుని ఇద్దరూ అటుకులు తిన్నారు. దాని మీద ఊరేగింపు పోయినా అది తెలుసుకునేది కాదు.

కింద మబ్బులు. పొద్దుటి ఎండలో అవి ఒకచోట వెన్నముద్దలు, ఒకచోట ఆరేసిన దూది, ఒకచోట పగడపు తీగెలు. వాటి అంచుల వెంట ఇంద్రధనుస్సులు కోడిపిల్లల్లా పరుగెడుతున్నాయి. ఆ అందం చూస్తూ మణికేతుడు చేతిపట్టు కాస్త సడలించాడో లేదో, కింది మబ్బు నోరు తెరిచింది.

మబ్బుమొసలి! పడవంత దవడ, తెల్లటి ఒళ్ళు, నీలం కళ్ళు. అది మబ్బులో ఈదుతూ గాలిలోకి ఎగిరి యువరాజు కుడికాలి చెప్పును మింగేసింది. రెండోసారి ఎగిరేటప్పటికి చెప్పుతో సరిపెట్టుకునేలా కనిపించలేదు.

"కాళ్ళు మడవండి!" అని అరుస్తూ పైడి నడుముకున్న తేనెగూడును గురిచూసి దాని నోట్లోకి విసిరింది. మొసలి టప్పున దవడలు మూసింది. అంతే, మైనానికి పైపళ్ళూ కిందిపళ్ళూ అతుక్కుపోయాయి. పాపం అది "మ్మ్! మ్మ్!" అంటూ, తియ్యదనానికి కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోయింది. ఇప్పటికీ మిన్నూరు చుట్టుపక్కల మబ్బులు ఉరిమే ముందు మూలిగినట్టు వినపడితే అది ఆ మొసలే.

"ఒక చెప్పు పోయింది," అన్నాడు మణికేతుడు.

"కాలు మిగిలిందిగా, మొక్కుకోండి."

తండ్రుల తరం కూడా దాటి, దాని కొసనున్న ఆకుపచ్చ గుడ్డ చేరారు. ఇక కింద మోకు లేదు, మబ్బే. మణికేతుడు భుజాన ఉన్న చుట్టను విప్పి, ఒక కొస అతికించి, రెండో కొస వదిలాడు. ఆ సన్నటి తాడు మబ్బుల్లోకి జలజలా జారి, జారి, ఇంకా జారి, కనుచూపు దాటిపోయింది. తాతలదాని కన్నా పొడుగే! యువరాజు ఛాతీ ఉప్పొంగింది.

గాలి వీచింది. తాడు పలికింది. ఇక్కడ సంతగోల లేదు. ప్రతి గొంతూ విడివిడిగా, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వినబడుతోంది. అదిగో నేతగాడు కొప్పయ్య దగ్గు. అదిగో దాలమ్మ నవ్వు. అదిగో ఎప్పుడూ ఆకలేసే వీరిగాడు. "మనవాళ్ళు!" అన్నాడు మణికేతుడు పొంగిపోయి.

పైడి తల వంచి విన్నది. "చినదొరా, సరిగ్గా వినండి. వాళ్ళు పాడట్లేదు, మూలుగుతున్నారు."

నిజమే. దాలమ్మ నవ్వు చివర్న ఆయాసం ఉంది. కొప్పయ్య దగ్గు కాదు, ఊపిరి బిగబట్టడం. తాడు తన బరువే తను మోయలేక ఒక్కో పేటా సాగుతోంది.

"తన బరువుకే ఇలా ఉంటే," అంది పైడి, "దీని కొసకి మన పిల్లలు వాళ్ళ మోకు కడతారు, వాళ్ళ పిల్లలు వాళ్ళది. అదంతా ఎవరు మోస్తారు?"

"భేష్! భేష్!" అని వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. "పొడుగంటే అదీ ప్రభూ! వెనక్కి చూడకండి. గుడ్డ కట్టి పైకి రండి, పాట సిద్ధంగా ఉంది!"

ఇద్దరూ తిరిగి చూశారు. మధురకంఠుడు మబ్బు మీద నిలబడి ఉన్నాడు. మోకు పట్టుకోలేదు, నిచ్చెన లేదు, ఊరికే మెత్తటి పరుపు మీద నిలుచున్నట్టు నిలబడ్డాడు.

"నువ్విక్కడికి ఎలా వచ్చావు?" అన్నాడు మణికేతుడు.

ఏడాదిగా మిన్నూరులో ఎవరూ అడగని ప్రశ్న అది. దానికి జవాబు తయారుచేసుకోలేదు కాబోలు, మధురకంఠుడు తడబడ్డాడు. ఆ తడబాటులో తలపాగా జారి మోకుకు చిక్కుకుంది. రెండు చెవుల్లోంచీ నల్లటి పొగ బుస్సుమంది.

"ధూమకర్ణుడు!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

మాంత్రికుడు ఇక దాచలేదు. పకపకా నవ్వి ఆకాశమంత పెరిగాడు. "తెలిసిందా? తెలిసి ఏం చేస్తారు! మీ తాతల మోకు తెంపబోయి నా గోళ్ళు విరగ్గొట్టుకున్నాను. ఒకడి పేట కోస్తే పక్కన వెయ్యిమంది పట్టుకున్నారు, పైగా తిట్లు! అంత గుంపును ఎవడు వంచగలడు? అందుకే మీ ఉయ్యాలల మీదికి నా పొగ పంపాను. మీ తరంలో పిడికెడు మందే మిగిలేదాకా కాచుకున్నాను. పిడికెడు మందిని వంచితే చాలు, వాళ్ళ కింద వేలాడే తరాలన్నీ వంగినట్టే. మిమ్మల్ని వంచడానికి మంత్రం కూడా అక్కర్లేకపోయింది. పొగిడాను, అంతే. మీ చేత్తోనే తెగే తాడు పేనుకున్నారు. రేపు మీ పిల్లలు దీని మీద బరువు వేస్తారు. అప్పుడు నేను వేలు కూడా కదపను, ఊరికే కూర్చుని చూస్తాను!"

మణికేతుడు కత్తి విసిరాడు. కత్తి పొగలోంచి దూసుకుపోయి మళ్ళీ చేతికే వచ్చింది. దానికున్న మంచి గుణం అదొక్కటే.

"చినదొరా, కత్తి తర్వాత," అంది పైడి. "తాడు పైకి లాగండి. మడత పెడదాం."

"మడత పెడితే పొడుగు సగం!"

"మళ్ళీ మడత పెట్టాలి. అప్పుడు పావు."

"పావా! పైడీ, నేను ఊరందరి ముందూ ఏమన్నానో విన్నావుగా? తాతల కన్నా పొడుగు దింపకపోతే గడప తొక్కనన్నాను. ఈ మూరెడు ముక్క పట్టుకుని ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"పొట్టి తరం మోకు మీద ఎప్పుడైనా కాలు ఆనించారా?"

"అదెందుకు?"

"నేను తేనెకి దిగేటప్పుడు దాన్నే కౌగిలించుకుని కూర్చుంటాను. అది మడతల మీద మడత. గొంతులు వింటే పట్టుమని పదిళ్ళవాళ్ళు కూడా లేరు. బండ లేచిన నాడు ఊళ్ళో ఉన్నదే అంతమంది. మనకన్నా తక్కువ మంది! పొడుగు కోసం పోకుండా అంతా మడిచి బిగించారు. వాళ్ళ మీద ఒక్క పాట లేదు, కాలు కూడా ఆనించం. కానీ మీ తాతగారి ఏనుగు తొండం, మీ నాన్నగారి మోకు, మీరు, నేను, అందరం ఆ పొట్టివాళ్ళ చేతుల్లోంచే వేలాడుతున్నాం. వాళ్ళు ఆనాడు పొడుగుకి పోయుంటే పాడటానికి తాతలుండేవాళ్ళా?"

మణికేతుడు ఒక్కసారి పైకి చూశాడు. తరాలకు తరాలు, రంగురంగుల గుడ్డలు, చిట్టచివర మబ్బుల్లో చుక్కలాంటి శిల. తర్వాత పకాలున నవ్వాడు. "అయితే రాసుకోమను పైడీ, మనం రెండో పొట్టి తరం! లాగు!"

ఇద్దరూ లాగడం మొదలుపెట్టారు. ధూమకర్ణుడి నవ్వు ఆగిపోయింది. "వద్దు! ఆగండి! పాట... పాట సగం రాసేశాను!" అని బతిమాలాడు. బతిమాలితే వినడం లేదని తెలిసి చెవి దులిపాడు. చెవిలోంచి నిప్పు చిమ్మటలు గుంపుగా లేచాయి. ఒక్కొక్కటి చేటంత, రెక్కలు కణకణలాడే బొగ్గులు. వాలినచోటల్లా నార కాలుతుంది.

పైడి మోకును కాళ్ళ మధ్య బిగించి మడత పెట్టి ఎదురు పురి ఎక్కిస్తోంది. మణికేతుడు ఒంటి చేత్తో వేలాడుతూ రెండో చేత్తో కత్తి తిప్పుతున్నాడు. చిమ్మటలు లెక్కలేనన్ని, కత్తి ఒక్కటి. ఏది ఎక్కడ వాలిందో కళ్ళకు అందదు. కానీ చెవులకు అందింది.

"అబ్బా, నా వీపు!" అన్నది ఒక పేట.

"కొప్పయ్య!" కత్తి అక్కడికి దూకింది. చిమ్మట రెండు ముక్కలు.

"ఓయమ్మో!"

"దాలమ్మ! ఎడమవైపు!" ఇంకోటి ముక్కలు.

"అన్నం తింటుండగా ఎవడ్రా?"

"వీరిగాడు! అడుగున!"

గుంపులో అయితే ఎవరు అరిచారో తెలిసేది కాదు, ఎవరో ఒకరు కాలిపోయినా పట్టేది కాదు. ఇక్కడ ప్రతి గొంతూ పేరు పెట్టి పిలవగలిగేదే. ఒక్క పేట కాలినా మోకులో చిల్లు పడుతుంది. మణికేతుడు ఒక్కరినీ వదలలేదు. ఒక పేట సగం కాలి బొంగురుపోయింది. అది అతనిదే. తన గొంతు తనకే వింతగా "ముందు వాళ్ళని చూడరా, నేను ఉంటాలే!" అని అరిచింది. అతను పక్క మబ్బును పిండి దాని మీద నీళ్ళు పోసి మళ్ళీ కత్తి అందుకున్నాడు.

"అయింది!" అంది పైడి. మొదటి పొడుగులో పావు కూడా లేని మోకు, కానీ బిగిసి ఇనుపకడ్డీలా ఉంది. కొసన ఎర్రగుడ్డ కట్టింది.

ధూమకర్ణుడు పళ్ళు పటపట కొరికాడు. "బిగించారా? ఎంత మోస్తుందో చూద్దాం!" అంటూ పిడుగులాంటి శబ్దంతో కొండంత ఏనుగైపోయి, ఎర్రగుడ్డ కింద తొండం చుట్టి వేలాడబడ్డాడు. పైన శిల కిర్రుమంది. ఆకుపచ్చ గుడ్డ నుంచి శిల దాకా తరాలన్నీ ఒక్కసారి నిటారుగా సాగాయి. తాతల మోకులోంచి ఎవరో "ఎవడా బరువైనవాడు?" అని అరిచారు. సన్నమోకులో మూలుగు లేదు. పిడికెడు గొంతులు ఒక్క గొంతై "ఐలేసా!" అన్నాయి. ఏనుగు ఊగింది, గింజుకుంది, అటూ ఇటూ ఊపింది. "ఐలేసా!" మోకు వెంట్రుకవాసి కూడా సాగలేదు.

పైడి కళ్ళల్లో నీళ్ళు. "చూశారా దొరా, పిడికెడు మందే ఎంత మోశారో!"

"చూశాను," అన్నాడు మణికేతుడు. ఇందాక పొడుగు చూసినప్పుడు పొంగిన ఛాతీ ఇప్పుడు పగిలేట్టుంది.

ఏనుగు మళ్ళీ మనిషయింది. ధూమకర్ణుడి ముఖం మసిబారిన కుండలా ఉంది. "సరే! మీది తెగదు. అయితే మీ కింద కట్టేవాడే లేకపోతే? మిన్నూరులో ఈ ఏడు ఎన్ని ఉయ్యాలలు కట్టారో నాకు తెలుసు. ఈసారి పిడికెడు కూడా మిగల్చను. ఒక్క ఉయ్యాలా ఊగదు!" అని చెవుల్లోంచి పొగ చిమ్ముతూ పైకి ఎగిరాడు.

మణికేతుడు ఆలోచించలేదు. మోకుకు చిక్కుకున్న మాంత్రికుడి తలపాగా లాక్కుని దూకి, వాడి కాలు పట్టుకున్నాడు. మిన్నూరులో పుట్టినవాడెవడూ మోకు వదిలింది లేదు. ఇదే మొదలు.

"చినదొరా!" అని పైడి గావుకేక పెట్టింది.

"పైకి వెళ్ళు! పొట్టి తరం మీద కాలు ఆనించి ఎక్కమని అందరికీ చెప్పు! ఉయ్యాలల దగ్గర కాపలా పెట్టు! నేను వీడి సంగతి చూస్తాను!"

"గడప తొక్కనన్నారుగా, గోడ దూకి రండి!"

ధూమకర్ణుడు కాలు విదిలించాడు. మణికేతుడు మోకాలు దాకా ఎక్కాడు. గిరగిరా తిరిగాడు. మణికేతుడు నడుం దాకా ఎక్కాడు. మంత్రం చదవబోయాడు. మణికేతుడు భుజాలెక్కి కూర్చుని, తలపాగా గుడ్డను రెండుగా చించి, ఒక చెవిలో ఒకటి, రెండో చెవిలో ఇంకోటి కసిదీరా కుక్కాడు. పొగకు దారి లేదు. మాంత్రికుడి బుగ్గలు ఉబ్బాయి, పొట్ట ఉబ్బింది, వేళ్ళు కూడా వంకాయల్లా ఉబ్బాయి. నోరు తెరిస్తే పొగ పోతుందనుకునేవాళ్ళకు చెబుతున్నాను, ఆ బుగ్గల మధ్య నోరెక్కడుందో వాడికే దొరకలేదు. పెద్ద గుమ్మడికాయలా గుండ్రమై, మంత్రం మరిచి, ఊగుతూ ఊగుతూ కిందికి దిగడం మొదలెట్టాడు. పైన మణికేతుడు, ఎద్దు మీద పిల్లాడిలా.

మబ్బు చీలింది. తెల్లటి చల్లదనం ఒకటి దాటింది, బూడిదరంగు తడి ఇంకొకటి దాటింది. ఒక్కసారిగా కింద లోకం తెరుచుకుంది.

పచ్చదనం! మిన్నూరు పాటల్లో తప్ప ఎవరూ చూడని నేల! నదులు వెండి మొలతాళ్ళు. అడవులు నెమలి ఈకలు పరిచినట్టున్నాయి. వాటి మధ్య, పైకెగిరిపోయిన రాజ్యం పెళ్ళగించుకుపోయిన పెద్ద గొయ్యి. ఆ గొయ్యి నడుమ నుంచి ఒక మట్టిదిబ్బ లేచి ఉంది. చుట్టూ ఉన్న కొండలు దాని ముందు పిల్లల్లా ఉన్నాయి. దాని ఒంటి నిండా మెట్లు, మెట్ల నిండా చీమలబారుల్లా జనం, జనం నెత్తిన తట్టలు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, పాడేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. తాతల తరం కూడా వీళ్ళ ముందు ఒక వీధి జనం. ఒక్కొక్కరు ఒక్క తట్ట మన్ను తెచ్చి శిఖరాన కుమ్మరించి వెళుతున్నారు. రాజ్యం పైకి పోయిన నాడు ఊళ్ళో లేక కిందే మిగిలిపోయినవాళ్ళ వంశం అది. పైవాళ్ళు తాడు దింపుతుంటే కిందివాళ్ళు నేలనే పైకి ఎత్తుతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

శిఖరాన ఒక ముసలావిడ తట్ట బోర్లించి, చెంగుతో మొహం తుడుచుకుని, నీడ పడిందేమిటా అని తలెత్తింది.

"ఒసే, అందరూ రండే! పైనున్న మనవాళ్ళు తాడు వేసుకుని దిగుతారని మా ముత్తవ్వ చెప్పేది. వీడేమిటి, గుమ్మడికాయ ఎక్కి వస్తున్నాడు! ఒక కాలికి చెప్పు కూడా లేదు!"

"అవ్వా!" అని మణికేతుడు గొంతు చించుకున్నాడు. "మాది మిన్నూరు! తాడు వస్తోంది! మీరు మట్టి ఆపకండి!"

వేలాది తట్టలు ఒక్కసారి నేల మీద పెట్టిన చప్పుడు. వేలాది తలలు పైకి లేచాయి.

"ఎంత దూరంలో ఉంది నాయనా?" అంది ముసలావిడ.

మణికేతుడు తలెత్తి చూశాడు. మబ్బుల చీలికలో, ఎంతో ఎత్తున, ఎర్రటి గుడ్డ ఒకటి చుక్కలా మెరిసింది. తమ పొడుగు తాడు అలాగే ఉండి ఉంటే ఇంకాస్త కిందికి వచ్చేది. వచ్చి, ఎవరో ఒక పసివాడి బరువుకు తెగేది. అతను రొమ్ము విరుచుకున్నాడు.

"మా పిల్లలు తెస్తారు!" అన్నాడు. "మేం మోస్తాం, వాళ్ళు తెస్తారు!"

దిబ్బ మీద లేచిన కేకకు మబ్బులు అదిరాయి. ఆ అదురుకు ధూమకర్ణుడి ఎడమ చెవిలోని గుడ్డ టప్పున ఊడి, నల్లటి పొగ పిడుగులా బయటికి చిమ్మింది. గుమ్మడికాయ మణికేతుడితో సహా తోక తెగిన గాలిపటంలా గిరగిరా తిరుగుతూ, దిబ్బ దాటి, నది దాటి, ఏ పాటలోనూ లేని చీకటి అడవుల మీదికి దూసుకుపోయింది.